వరండాలో పెట్టిన సంతకం

నాన్న పోయిన రోజు మధ్యాహ్నం నేను ఆసుపత్రిలో ఐసీయూ బయట, వరండా బెంచీ మీద, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. లోపల మంచం పక్కన అమ్మ ఉంది. ఒకరినే ఉండనిస్తారు.

అప్పట్లో నేను పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెన్సీలో పనిచేసేవాణ్ణి. ఓడలో వచ్చిన సరుకు బయటికి రావాలంటే కస్టమ్స్‌కి పంపే కాగితాల మీద డిజిటల్ సంతకం ఉండాలి. ఆ సంతకం వేలెడంత యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. మా ఆఫీసులో అది నా పేరున ఉండేది, నా బ్యాగులోనే ఉండేది. సాఫ్ట్‌వేర్ మాత్రం పాతవూళ్ళోని ఆఫీసు కంప్యూటర్లో ఉంది. దూరం నుంచి సంతకం పెట్టాలంటే నా లాప్‌టాప్‌లోంచి ఆ కంప్యూటర్‌కి కనెక్ట్ అవ్వాలి, ఇక్కడ గుచ్చిన టోకెన్ అక్కడ కనిపించాలి.

ఆ రోజు కనిపించలేదు.

మా ఓనరు అంతకుముందే ఫోన్ చేసి, ఆ రోజు కాగితాలకి సంతకాలు పెట్టమన్నాడు. నాన్న పరిస్థితి చెప్పాను. "ఎవరినైనా బండి మీద పంపండి సార్, టోకెన్ ఇచ్చేస్తాను, పిన్ కూడా చెప్తాను" అన్నాను.

"దారిలో పోతే ఎవడిదయ్యా బాధ్యత? నువ్వు ఖాళీగానే కూర్చున్నావు కదా. చూసెయ్" అన్నాడు.

ఆఫీసు కంప్యూటర్లు చూసేది కంచరపాలెం కుర్రాడు, నా స్నేహితుడే. అతన్ని కూడా లైన్లోకి కలిపి, తనూ ఉండిపోయాడు ఓనరు.

"బావ, లైటు ఎలుగుతందా?" అన్నాడు స్నేహితుడు.

"ఎలుగుతంది. నా లాప్‌టాప్‌లో సూపిత్తంది. మీ కాడే లేదంతంది."

"పీకేసి పక్క దాంట్లో ఎట్టు."

పెట్టాను. లేదు. అతను అక్కడ టోకెన్ సాఫ్ట్‌వేర్ మళ్ళీ వేశాడు. అయినా లేదు. ఓనరు మధ్యలో, "ఇద్దరికీ జీతాలు దండగ" అన్నాడు. చివరికి స్నేహితుడికి తట్టింది. "కనెక్ట్ అవకముందే సెట్టింగుల్లో స్మార్ట్ కార్డు అనున్న కాడ టిక్ ఎట్టాల బావ. లోపలికొచ్చాక ఎడితే పన్జెయ్యదు. ఓపాలి కట్టేసి మళ్ళీ రా."

కట్టేసి, టిక్ పెట్టి, మళ్ళీ వెళ్ళాను. టోకెన్ పేరు వచ్చింది. సంతకాలు ఒక్కొక్కటే పడుతుండగా నర్సు తలుపు తీసి నన్ను పిలిచింది. లాప్‌టాప్ బెంచీ మీద వదిలేసి పరిగెత్తాను.

నాన్న అప్పటికే అయిపోయాడు. స్టీల్‌ప్లాంటులో కొలిమి వేడికి కమిలిన ఆ చేతుల్ని అమ్మ దుప్పటి కింద సర్దుతోంది. "నీకోసం సూసినాడు నాయనా" అంది.

బయటికొచ్చేసరికి ఫోన్ మోగుతూనే ఉంది. లాప్‌టాప్ నిద్రలోకి పోయి కనెక్షన్ తెగిందట.

"సార్, మా నాన్న పోయారు."

ఓనరు మెల్లగా అన్నాడు. "అయ్యో. సరే, ధైర్యంగా ఉండు. ఒక్క డాక్యుమెంటే మిగిలింది. పిన్ కొట్టేసి వెళ్ళు. బాడీ ఇవ్వడానికి వాళ్ళకీ టైమ్ పడుతుంది కదా."

లైన్లో ఉన్న స్నేహితుడు అందుకున్నాడు. "వద్దు బావ, కట్టెయ్. అమ్మ కాడికెల్లు."

"చెప్పడానికి నువ్వెవడివిరా?" అన్నాడు ఓనరు. గొంతు పెంచలేదు. "వాడు కట్టేస్తే, నువ్వు కూడా రేపట్నుంచి రానక్కర్లేదు."

ఆ కుర్రాడికి పెళ్ళై ఏడాది కాలేదు. నేను మళ్ళీ కనెక్టయ్యి, పిన్ కొట్టాను. తప్పు పిన్ అని వచ్చింది. ఒక అంకె పొరపాటు పడింది. "నెమ్మదిగా కొట్టు, లాక్ అయిపోతుంది" అన్నాడు ఓనరు. రెండోసారి పడింది. "గుడ్" అని ఫోన్ పెట్టేశాడు.

అయినా నెల తిరక్కుండానే స్నేహితుణ్ణి తీసేశారు. వెళ్ళిపోయే రోజు నాతో ఒక మాట చెప్పాడు. ఆ మధ్యాహ్నం ఓనరు గారి డ్రైవరు కారు వేసుకుని పూర్ణా మార్కెట్లో ఇంటి పూజకి పళ్ళు కొంటున్నాడట. ఆసుపత్రి అక్కడికి దగ్గరే.

అంతకుముందు, నాన్న పెద్దకర్మకి ఓనరు మా ఇంటికొచ్చాడు. పళ్ళెం నిండా యాపిల్స్ తెచ్చాడు. షామియానా కింద కూర్చుని బంధువులందరికీ వినబడేలా, "ఇలాంటి మనిషి మా ఆఫీసులో ఇంకొకడు లేడండి. తండ్రి పోయిన నిమిషంలో కూడా పని ఆపలేదు" అన్నాడు.

బంధువులు నావైపు చూశారు. వడ్డన దగ్గర నిలబడ్డ అమ్మ ఒక్క క్షణం ఆగింది. వరండాలో నేను నాన్నకి రక్తం కోసం ఎవరెవరికో ఫోన్లు చేస్తున్నానని అనుకుంది ఆమె అన్ని రోజులూ.

"ఆళ్ళ నాన్నా అంతే బాబూ, డ్యూటీ మానీవోడు కాదు" అని, ఓనరు విస్తట్లో ఇంకో గారె వేసింది.