జడ నమిలే పాప

చిన్న పిల్లలకు నీతి పాఠాలు తయారుచేసే కమిటీలో మూడో తరగతి టీచరమ్మకు చోటు దొరికింది. ఇక ఆవిడ కాలు నేల మీద నిలిస్తేనా! "పిల్లల బతుకుల్లోంచి రాయండమ్మా, ఉపన్యాసాలు వద్దు" అని కమిటీ పెద్దాయన అనడమే తరువాయి, ఆవిడకు తన క్లాసులోని ఒక పిల్ల గుర్తుకొచ్చింది.

ఆ పిల్ల ఓ రోజు తన పక్కమ్మాయి ఎర్ర స్కెచ్‌పెన్ను ఎవరూ చూడకుండా తీసుకుంది. మర్నాడు తనే తెచ్చి టీచరమ్మ చేతిలో పెట్టింది.

"ఎవ్వరికీ చెప్పరుగా టీచర్?"

"చెప్పనమ్మా, ఒట్టు."

వారం తిరక్కుండా ఆ సంగతే 'నిజం చెప్పిన పాప' అనే పాఠమైంది. పేరు మార్చింది, పెన్ను బదులు రబ్బరు అని రాసింది, ఇంకేం భయం అనుకుంది. ఒక్క ముక్క మాత్రం వదులుకోలేకపోయింది. ఏడుపొస్తే ఆ పిల్ల జడ కొస నోట్లో పెట్టుకుని నములుతుంది. అది విని కదా కమిటీ అంతా భేష్ అన్నది!

అచ్చుకు పంపేముందు ఎవరి పాఠం వాళ్లు తమ క్లాసులో చెప్పి చూడాలి. టీచరమ్మ గొంతు సవరించుకుని చదివింది. జడ దగ్గరికొచ్చేసరికి పిల్లలు కిసుక్కుమన్నారు. అక్కడైనా ఆగిందా మహాతల్లి? లేదు. చివర ఉన్న ప్రశ్న కూడా అడిగేసింది.

"తప్పు చేసిందెవరు?"

వేళ్లన్నీ కిటికీ పక్క బెంచీ వైపు లేచాయి. అక్కడ ఆ పిల్ల, జడ నములుతూ, తన వేలు తన గుండెకే ఆనించుకుంది.

టీచరమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇంత పిల్లను నమ్మించి గొంతు కోశానే అని కుమిలిపోయింది. గంట కొట్టగానే పెద్దాయనకు ఫోన్ చేసింది.

"నా పాఠం తీసేయండి సార్."

"అదేంటమ్మా! పుస్తకం మొత్తంలో బాగున్నదే అది."

"బాగుంటే బాగుంది, తీసేయండి. నన్ను కమిటీలోంచి తీసేసినా సరే."

బడి వదిలాక పిల్లలందరూ వెళ్లేదాకా చూసి, ఆ పిల్లను ఆపింది. తలుపు దగ్గరగా వేసి, ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది.

"తప్పు నాదే తల్లీ. చెప్పనని ఒట్టు పెట్టి అందరికీ చెప్పేశాను."

పిల్ల జడ నోట్లోంచి తీసింది. ఖాళీ బెంచీల వైపు ఓసారి చూసింది.

"మరి అందరూ వెళ్లిపోయాక చెప్తున్నారేం టీచర్?"