రాగి గొట్టానికి మూడో మూతి

1978 మే నెలలో ఒకరోజు, ధర్మవరం పట్టుచీరల వ్యాపారి బదరీనారాయణ మధ్యాహ్నం రెండున్నరలోగా ఉరవకొండకు బయలుదేరవలసి ఉంది. అక్కడ పాత ఖాతాదారు రామసుబ్బమ్మ కూతురికి సాయంత్రం ఆరు గంటలకు నిశ్చితార్థం. అమ్మాయి కట్టుకోవలసిన చీర ఆ ఉదయమే మగ్గం దిగింది. కారు మాత్రం కదిలే స్థితిలో లేదు. పంపు నుంచి కార్బురేటరుకు పోయే పావంగుళం రాగి గొట్టం కొసన చీలి, పెట్రోలు బొట్లుబొట్లుగా కారుతోంది.

బదరీనారాయణ ఇంటర్మీడియెట్‌లో సైన్సు చదివినవాడు. నాయన పోవడంతో చదువు మాని అంగట్లో కూర్చున్నాడు. చీరను రెండుసార్లు కొలవనిదే మడత పెట్టనివ్వడు. క్రిందటేడు ఒక మెకానిక్కు ఇలాంటి చీలికలోనే బట్టల సబ్బు కూరి పంపితే, కూడేరు దాటకముందే కారు ఆగిపోయింది. ఆ కోపంతో బెంగళూరు పోయి ఫ్లేరింగ్ టూలు కొని తెచ్చుకున్నాడు. గొట్టాన్ని బిగించి పట్టే రెండు ఉక్కు పట్టీలు, వాటిపైన మరతో దిగే ఒక శంకువు. శంకువు దిగితే గొట్టం మూతి గరాటులా విచ్చుకుంటుంది. ఆ గరాటును నట్టు పంపుకు అదిమి పట్టాలి. మధ్యలో మరేదీ అక్కరలేదు.

చీలిన కొసను కోసి, అంచు అరగదీసి, మూతి చక్కగా విప్పాడు. శుభ్రం చేయడానికి తీసిన నట్టు ఇంకా బండ మీదనే ఉందని అప్పుడు కనిపించింది. విచ్చుకున్న మూతి మీదుగా అది ఎక్కదు.

"నట్టు ముందే దూర్చల్ల కద సామీ," అన్నాడు దాసప్ప.

మగ్గం మీద అయిపోవచ్చిన పడుగుకు కొత్త పడుగు పోగులు అతికే పనివాడు దాసప్ప. నాలుగువేల పోగులు అతికితే ఒక్కటీ ఊడదని అతనికి పేరు. చీర ఇచ్చిపోదామని వచ్చి అక్కడే నిలబడ్డాడు.

"తెలుసప్పా."

"తెలిసీ మర్సిపోతిరా?"

బదరీనారాయణ మళ్లీ అరంగుళం కోశాడు. నట్టు ఎక్కించి రెండో మూతి విప్పాడు. అది గుండ్రంగా, మెరుస్తూ వచ్చింది. చేతులు తుడుచుకొనే గుడ్డ కోసం లోపలికి పోయి వచ్చేసరికి, దాసప్ప గొట్టాన్ని బిగించి పెట్టాడు. ఇంజను తిప్పితే పెట్రోలు మునుపటికన్నా ఎక్కువ కారింది. నట్టు విప్పి చూస్తే, మూతి మీద పట్టుపోగు, దాని మీద సబ్బు.

"ఇదెందుకు సుట్టినావు?"

"ఉట్టి రాగి ఉట్టి లోహాన్ని ఎట్ల పట్టుకుంటాది సామీ? పోగు లేని అతుకు యాడైనా ఉండాదా?"

"పోగుంటేనే కారుతాది. లోహం లోహానికి ఆనల్ల. సందు ఉండకూడదు."

"సందు ఉండకూడదనే కద సుట్టింది. ఏడు సుట్లు."

పోగు మీద బిగించినందువల్ల మూతి ఒక పక్కకు నలిగింది. ఇంకోసారి కోస్తే గొట్టం పంపుకు అందదు. ఇంజను అదురుకు గొట్టం తెగకుండా మధ్యలో ఒక చుట్ట వదిలి ఉంచుతారు. బదరీనారాయణ ఆ చుట్టను కాస్త విప్పి పొడవు రాబట్టుకున్నాడు. అప్పటికి ఒకటీ యాభై.

"దాసప్పా, ఆ అరుగు మీద కూసో. ఈ కారును తాకొద్దు. రెంచి కూడా అందీయొద్దు."

"దప్పికైతే?"

"నీళ్లు తాగు. కారును తాకొద్దు."

"సాయానికొస్తే ఇదీ మర్యాద," అంటూ దాసప్ప పోయి కూర్చున్నాడు.

నలిగిన కొసను కోసి, మూడో మూతి విప్పి బిగించి, పది నిమిషాలు ఇంజను తిప్పి, అతుకు కింద తెల్లకాగితం పట్టి చూశాడు. ఒక్క మరకా పడలేదు. రెండూ ఇరవైకి బయలుదేరాడు. కారు ఆగితే తోయడానికి మనిషి ఉండాలని, మనసొప్పకపోయినా, దాసప్పనే ఎక్కించుకున్నాడు.

కారు ఎక్కడా ఆగలేదు. అయినా నమ్మకం చాలక దారిలో మూడుచోట్ల దిగి బానెట్ ఎత్తి, అతుకును వేలితో తడిమి చూశాడు. ఉరవకొండ చేరేసరికి ఆరుకు పావుగంట తక్కువ. వాకిట్లోనే ఎదురుచూస్తున్న రామసుబ్బమ్మకు చీర పెట్టె అందించబోతే ఆమె వెనక్కి జరిగింది.

"చేతులు సూసుకోన్నా. ఆ మసంతా బిడ్డ చీరకు అంటుతాది."

గోళ్ల సందుల్లో సైతం నలుపే. మధ్యాహ్నం నుంచి ఏ పనీ ముట్టనివ్వని దాసప్ప చేతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. చీరను అతడే తీసి అందించాడు.

"చల్లగుండప్పా, యాళకు తెచ్చినావు," అన్నదామె.

"ఏదోమ్మా, మా చేతనైనకాడికి," అన్నాడు దాసప్ప.

బదరీనారాయణ నీళ్ల తొట్టి యాడుందని అడిగాడు.