కంచం దగ్గరికి వచ్చేవాళ్ళు

మా ఇంట్లో ఎవరూ ఒంటరిగా తినకూడదు. ఇది నేను పెట్టిన రూలు కాదు, పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. తినేవాళ్ళ పక్కన ఎవరో ఒకరు ఉండాలి, ఇంకొంచెం వేసుకోమనాలి, వద్దని చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందులోంచైనా వెయ్యాలి. మా ఆయన ఆఫీసు నుంచి ఎంత ఆలస్యంగా వచ్చినా గరిటె పట్టుకుని పక్కన నిలబడతాను. మా ఆరేళ్ళ పాప తింటున్నంతసేపూ దాని చుట్టూ తిరుగుతాను. కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటని మా ఆయన విసుక్కుంటారు. కూర్చోవడం నాకు చేతకాదు. నా వంతు వచ్చేసరికి మాత్రం ఆ రూలు ఉండదు. అందరిదీ అయ్యాక వంటింట్లో వాషింగ్ మెషీన్ మీద కంచం పెట్టుకుని నిలబడి తింటాను. రెండు ముద్దలు తినేలోపు ఛార్జర్ ఎక్కడని ఒకరు, క్రేయాన్స్ ఎక్కడని ఒకరు వస్తారు.

కుక్కపిల్ల వచ్చినప్పుడు దాన్నీ ఒంటరిగా తిననివ్వలేదు.

వాడు ఊరి చివర క్రాంజీలో తోటల దగ్గర పుట్టిన పిల్ల. వీధికుక్కల్ని చేరదీసే ఒక చైనీస్ ఆంటీ తల్లినీ పిల్లల్నీ అక్కణ్ణుంచి తెచ్చి, పిల్లల్ని ఒక్కో ఇంటికి అప్పగిస్తోంది. బిషాన్‌లో మా ఫ్లాట్‌కి వాణ్ణి తెచ్చిన రోజున, కొన్నాళ్ళు ఉంచుకుని చూడండి, పడకపోతే మొహమాటపడకుండా చెప్పండి, వచ్చి తీసుకెళ్తాను అని చెప్పింది. ఆ మాట మా ఆయనకి బాగా నచ్చింది. ఆవిడ మళ్ళీ వచ్చి చూసేదాకా పేరు పెట్టొద్దన్నారు. పేరు పెట్టాక వెనక్కి ఇవ్వడం కష్టమట. దాంతో గోధుమరంగు ఒళ్ళూ ఒక తెల్లటి పాదమూ ఉన్న ఆ బుడతడు మా ఇంట్లో 'ఒరేయ్' అన్న పిలుపుతోనే బతికాడు.

వాడి గిన్నె వాషింగ్ మెషీన్ పక్కన పెట్టాం. మా వంటిల్లు ఎంత ఇరుకంటే ఫ్రిజ్ తలుపు తెరిస్తే ఇంకో మనిషి పట్టడు. నేను గిన్నె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, డాగ్ ఫుడ్‌లో కాస్త పెరుగు వేసి వేళ్ళతో కలిపి, తిను నాన్నా తిను అంటూ వీపు నిమిరేదాన్ని. మొదట్లో బాగానే తిన్నాడు. తర్వాత వేగంగా తినడం మొదలుపెట్టాడు. ఆకలి కాబోలని మురిసిపోయాను. ఒకరోజు నా చెయ్యి వీపు మీద ఉండగానే నమలడం ఆపి, ఒళ్ళంతా బిగబట్టి, మూతి గిన్నెలోంచి ఎత్తకుండానే గుర్రుమన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. భయం తర్వాత వచ్చింది, ముందొచ్చింది అవమానమే. మూరెడు లేవు, నా చేత్తో కలిపి పెడుతుంటే నా మీదే గుర్రా అని గిన్నె లాగేసుకున్నాను. మా ఆయన అప్పటికే ఫోన్లో కుక్కల్ని దారికి తెచ్చే వీడియోలన్నీ చూసేసి ఉన్నారు.

"కరెక్ట్. గిన్నె ఎవరిదో వాడికి తెలియాలి. రోజూ మధ్యలో తీసేసి, కాసేపాగి మళ్ళీ ఇవ్వు," అన్నారు.

అలాగే రోజూ తీశాను. వాడు నేర్చుకున్నది మాత్రం వేరే. నేను గుమ్మంలో కనపడితే చాలు, నమలకుండా మింగేవాడు. గొంతుకి అడ్డంపడి కక్కేవాడు, ఆ కక్కిన దానికి కూడా కాపలా కాసేవాడు. పాలకోసం ఫ్రిజ్ దాకా వెళ్ళినా గుర్రుమనేవాడు. నా వంటింట్లోకి నేనే గోడకి ఆనుకుని పక్కవాటుగా వెళ్ళాల్సొచ్చింది. మిగతా వేళల్లో ఎంత మంచివాడో చెప్పలేను. స్కూలు నుంచి పాప వస్తుంటే లిఫ్ట్ చప్పుడుకే తోక ఊపేవాడు. నేను పని చేసుకుంటుంటే నా చెప్పు మీద తల పెట్టి పడుకునేవాడు. ఇంటి నుంచే పని కాబట్టి పగలంతా వాడితోనే ఉంటాను, కానీ పనిలో మనసు నిలిచేది కాదు. మీటింగ్ మధ్యలో గిన్నె చప్పుడైతే మైక్ మూసేసి పరిగెత్తేదాన్ని. పరిగెత్తి ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

అలా ఉండగా ఒక సాయంత్రం పాప చేతిలోంచి బిస్కట్ జారి గిన్నె పక్కన పడింది. తీసుకుందామని వంగింది. నేను ఆగమనేలోపే వాడు పళ్ళు టకటకలాడించి మీదికొచ్చాడు. పళ్ళు గౌను చేతికి తగిలి దారం ఊడింది. ఒంటికి తగల్లేదు. పాపని ఎత్తుకుని ఒక్కో వేలూ తడిమి చూసుకున్నాను, చూసిన వేలే మళ్ళీ చూసుకున్నాను. వాడేమో గిన్నె దగ్గరే నిలబడి వణుకుతున్నాడు.

మా ఆయన అరవలేదు. అరిస్తే బాగుండునని నాకు అనిపించింది.

"శనివారం ఆవిడ వస్తుందిగా, ఇచ్చేద్దాం. చిన్నపిల్ల ఉన్న ఇల్లు మనది," అన్నారు.

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. పాప మాత్రం ఏడుపు ఆపుకుంటూ, ఇక్కడి పిల్లల్లాగే మాటకి 'లా' తగిలించి, "హి నెవర్ బైట్ లా నాన్నా. హి స్కోల్డ్ మీ ఓన్లీ," అంది.

ఆంటీకి ఫోన్ చెయ్యడానికి చెయ్యి రాలేదు. చెబితే ఇప్పుడే వచ్చి తీసుకెళ్తుందేమో. చెప్పకపోతే రేపు పాప చెయ్యి ఏమవుతుందో. ఫోన్ తీసి, మళ్ళీ పెట్టేసి, ఆఖరికి బయట కారిడార్లో అటూ ఇటూ తిరుగుతూ చేశాను. జరిగిందంతా విని ఆవిడ, "వాడు తినేటప్పుడు నువ్వెక్కడుంటావు?" అని అడిగింది.

"పక్కనే ఆంటీ. ఒక్క పూట కూడా ఒంటరిగా వదల్లేదు," అన్నాను గర్వంగా.

"ఐయో, ఎందుకు? ఆ తోటల దగ్గర పిల్లలన్నిటికీ ఒకే పళ్ళెం కదా. పక్కకి వచ్చినవాడు లాక్కోవడానికే వస్తాడు. నువ్వూ అలాగే పక్కన కూర్చున్నావు, తర్వాత నిజంగానే లాక్కున్నావు. తను అనుకున్నది నిజమేనని వాడికి తెలిసిపోయింది."

ఏం చెయ్యాలో కూడా చెప్పింది. పాపని గిన్నె దరిదాపులకి రానివ్వొద్దు. నేను గిన్నె ముట్టుకోవద్దు. దూరం నుంచి నడుచుకుంటూ వెళ్తూ, గిన్నెలో ఉన్నదానికన్నా రుచైనది ఒక ముక్క విసరాలి. ఆగకూడదు, చూడకూడదు, వెళ్ళిపోవాలి. మనిషి వస్తే ఉన్నది పోదని, ఇంకొంచెం వస్తుందని వాడికి నమ్మకం కుదరాలి.

ఫోన్ పెట్టేశాక నాకు నవ్వొచ్చింది. ఆవిడ చెప్పింది వడ్డనే కదా. పెళ్ళి పంక్తిలో బకెట్ పట్టుకొచ్చేవాడు విస్తరి ముందు కూర్చుని ఎవరి వీపూ నిమరడు. ఒక గరిటె వేసి పక్క విస్తరికి వెళ్ళిపోతాడు. తినేవాళ్ళు ఆ బకెట్ కోసం మెడలు చాచి చూస్తారు. ఇన్నాళ్ళూ నేను వడ్డిస్తున్నానని అనుకుంటున్నాను గానీ, చేసింది కాపలా.

గిన్నెని హాల్లో ఎవరి దారికీ అడ్డం రాని మూలకి మార్చాను. చికెన్ ఉడకబెట్టి చిన్నచిన్న ముక్కలు చేశాను. ముక్క విసరడం తేలిక, వెళ్ళిపోవడమే కష్టం. తిన్నాడా లేదా అని మెడ దానంతటదే తిరిగేది. నన్ను నేను నమ్మలేక, విసిరి నేరుగా తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయేదాన్ని. లిఫ్ట్ దగ్గర నిలబడి ఏం చెయ్యాలో తోచక పక్కింటివాళ్ళ మొక్కలకి నీళ్ళు పోశాను. శనివారం దగ్గరపడుతున్నకొద్దీ ఆ మొక్కలకి నీళ్ళు ఎక్కువైపోయాయి. వాడు మొదట గుర్రుమంటూనే ముక్క తిన్నాడు. తర్వాత గుర్రు మధ్యలో ఆగి నా వైపు చూశాడు. శుక్రవారం నా అడుగుల చప్పుడుకి గిన్నెలోంచి తలెత్తి ఎదురుచూశాడు. మా ఆయన లాప్‌టాప్‌లోంచి ఓరగా చూసి మళ్ళీ పనిలో పడ్డారు.

శనివారం భోజనం వేళకి ఆంటీ వచ్చింది. ముందు వాడికి పెట్టాం. నేను ముక్క విసిరి వెళ్ళిపోయాను. తర్వాత పాప సోఫా వెనకనుంచి, నేను నేర్పినట్టే, "డ్రాప్ అండ్ గో," అని గొణుక్కుంటూ విసిరి నడిచింది. వాడు తలెత్తి దాన్ని చూశాడు, తోక కొంచెం కదిలింది, ముక్క తిన్నాడు.

"బాగుంది. కానీ ఇంకా చాలా రోజులు చెయ్యాలి. వాడు తినేటప్పుడు పాపని వదిలేసి పోవద్దు," అని, ఆంటీ మా ఆయన వైపు తిరిగింది. "ఉంచుకుంటారా, తీసుకెళ్ళనా?"

"భోంచేశాక చెప్తాను," అన్నారాయన.

ఎలా వడ్డించానో నాకే తెలియదు. ఆయన పక్కన గరిటెతో నిలబడి ముఖం వైపే చూస్తున్నాను. మూడోసారి పప్పు వెయ్యబోతుంటే పాప, "అమ్మా, డ్రాప్ అండ్ గో లా," అంది. ఆంటీ పడీపడీ నవ్వింది. గరిటె అక్కడే పెట్టి వంటింట్లోకి వచ్చేశాను. మెషీన్ మీద కంచం పెట్టుకుని, హాల్లో మాటలు వినబడతాయేమోనని చెవులు రిక్కించి, రెండు ముద్దలు నోట్లో వేసుకున్నానో లేదో వెనక అడుగుల చప్పుడైంది.

నాకు తెలియకుండానే కంచం దగ్గరికి లాక్కున్నాను. "ఏం కావాలి?" అన్నాను, తల ఎత్తకుండా.

నాలోంచి వచ్చిన ఆ గొంతు నాకు తెలుసు. అదే మెషీన్ పక్కనుంచి వాడి నోట ఎన్నో రోజులుగా వింటూ వచ్చాను.

వచ్చింది మా ఆయన. ఆయన చేతిలో గారె ఉంది. నా కంచంలో వేసి, ఆగకుండా వెనక్కి వెళ్ళిపోయారు. హాల్లోంచి, "ఉంచుకుంటాం ఆంటీ," అనడం వినిపించింది. ఆ వెంటనే పాప పేర్లు చెప్పడం మొదలుపెట్టింది.

నేను ఆ గారె వైపు చూస్తూ నిలబడిపోయాను. ఇన్నేళ్ళలో నేను తింటుండగా, ఏదో ఒకటి అడగడానికి కాకుండా ఒక మనిషి నా దగ్గరికి రావడం అదే మొదటిసారి. నోట్లో ఉన్న ముద్ద నమలకుండా మింగబోతున్నానని అప్పుడు గమనించాను. ఆగి, నెమ్మదిగా నమిలాను.