దీపం సెగ తగిలిన బిళ్ళ

నాయన విసిరి ఆడుకొనే బిళ్ళ పాడైందన్న కబురు మొదట నాకు చెప్పింది మా చిన్నత్త, నాయన చెల్లెలు. అది దసరాలో మగ్గాన్ని పూజించే రోజు. నేను వెనక కొట్టంలో రంగుల కాగు కడుగుతున్నాను. ఆమె గడపలో నిలబడి, "ఏమ్మే, మీ నాయన బిళ్ళ అప్పడం మాదిరి వంకర పోయి కూర్చుండాది. దేవునికి గూడా ఆట నేర్పిస్తాండావా?" అన్నది.

తప్పు నాదే. మా నేతవాళ్ళ ఇళ్ళలో ఆ రోజు అన్నం పెట్టే పనిముట్లన్నీ కడిగి పటాల ముందు పెడతాం. పోగును అటూ ఇటూ నడిపే నాడె, కత్తెర, దువ్వెన అన్నీ పెట్టాక నాయన బిళ్ళ గుర్తొచ్చింది. అన్నం పెట్టకపోయినా మనిషిని నిలబెడుతోంది కదా అనుకున్నాను. దానికీ పసుపు కుంకుమలు పెట్టి, దీపం వెనక పటానికి ఆనించాను. అది ప్లాస్టిక్, దీపం సెగకు వంగిపోతుందన్న ఆలోచనే రాలేదు.

పుట్టపర్తికి వచ్చిన ఒక విదేశీ పెద్దాయన పట్టుచీర నేత చూడ్డానికి మా ఇంటికి వచ్చి, నాయన కాళ్ళు చూసి, పళ్ళెమంత ప్లాస్టిక్ బిళ్ళలు అలాంటివి మూడు ఇచ్చి పోయాడు. డిస్క్ గోల్ఫ్ అని వాళ్ళ దేశపు ఆట. దూరంగా గురి పెట్టుకొని విసరాలి, పడిన చోటికి నడిచి అక్కడి నుంచి మళ్ళీ విసరాలి. గుంటమగ్గంలో కూర్చొని కూర్చొని నాయన మోకాళ్ళు బిగుసుకుపోయాయి. నడవకపోతే ఇక మంచమే అన్నాడు డాక్టరు. ఊరికే నడవమంటే నాయన కదిలేవాడు కాదు. పని లేకుండా తిరగడం ఆయనకు సిగ్గు. బిళ్ళలు వచ్చాక మాత్రం రోజూ సాయంత్రం ఊరి బయట బీడుకు పోయి, అక్కడున్న వేపమొద్దుకు గురిపెట్టి విసిరేవాడు.

మా నేల బిళ్ళలకు పనికొచ్చే నేల కాదు. గడ్డి లేదు, అంతా కంకర. ఒక బిళ్ళ బండకు తగిలి చీలిపోయింది. రెండోది అంచు అరిగి, చేయి వదిలిన కాసేపటికే కూలబడేది. మిగిలిన ఒక్కదాన్ని నేను కాపాడుకుంటూ వచ్చాను. రోజూ కడిగి, అంచు చుట్టూ బొటనవేలు తిప్పేదాన్ని. కంకరకు చీరుకొని పైకి లేచిన పొరకలను పోగులు కోసే బ్లేడుతో తీసి, తాడిపత్రిలో బండలు నున్నగా చేసే రాతిముక్కను తడిపి రుద్దేదాన్ని. చేతికి గుచ్చుకోనంతవరకే రుద్దాలి. ఎక్కువైతే అంచు పలచబడుతుంది. వానలు లేని సంవత్సరాలవి. నీళ్ళు మోసి, మగ్గం నేసి, ఆ తర్వాత ఈ పని. భుజాలు లేచేవి కావు. అయినా నాయన లేచి నడుస్తున్నందుకు దణ్ణం పెట్టుకొనే పడుకొనేదాన్ని.

ఆ రోజు నాయన బిళ్ళను తిప్పి తిప్పి చూశాడు. "ఇంగ చాల్లేమ్మా. ఇది పాయ, నా నడకా పాయ," అని మంచమెక్కాడు. మూడో రోజుకు పెరట్లోకి పోవడానికి గోడ పట్టుకున్నాడు. బడికి పోని నాకు మగ్గం పక్కనే పలక పెట్టి అక్షరాలు దిద్దించిన మనిషి. గోడ మీద ఆ చేతిని చూసి నాకు భయం వేసింది.

కాగులో నీళ్ళు చేయి పెట్టలేనంత వేడి చేసి, మరగనివ్వకుండా బిళ్ళను ముంచాను. మెత్తబడ్డాక రెండు నున్నని బండల మధ్య పెట్టి పైన రుబ్బురోటి పొత్రం పెట్టాను. తొందరపడి తీస్తే మళ్ళీ వంగింది. రెండోసారీ అంతే. మంచం మీద నుంచే నాయన, "చల్లారనీవే. పోగుకు గంజి పట్టిచ్చేటప్పుడు ఇంత తొందరపడతావా?" అన్నాడు. మూడోసారి పొద్దున పెట్టి సాయంత్రం దాకా ముట్టుకోలేదు. కరిగి ముద్దకట్టిన చోట బ్లేడుతో చెక్కి నున్నగా రుద్దాను.

నాయనను బతిమాలి బీడుకు తీసుకుపోయాను. విసిరితే బిళ్ళ కొంత దూరం తిన్నగా పోయి, ఎడమకు తిరిగి పక్కనున్న వేరుశెనగ చేలో పడింది. గట్టు మీదున్న రైతు, "ఏమప్పా, చెనిక్కాయ చేలో ప్లేట్లు నాటుతాండావా?" అన్నాడు.

"వాన పడితే మొలుస్తాయిలే అన్నా," అని నాయన కర్ర ఊనుకుంటూ చేలోకి దిగాడు. నేను తెచ్చిస్తానంటే వద్దన్నాడు. నాలుగు రోజులకు, వేపమొద్దుకు తగలాలంటే కుడిపక్క ఎంత దూరం చూసి విసరాలో ఆయనకు పట్టుబడింది.

ఇంకో మూడేళ్ళు ఆ బిళ్ళతో నడిచాడు. చివరికి రుద్దడానికి అంచే మిగలలేదు. అప్పటికి కాళ్ళకు అలవాటైంది. ఉత్త చేతులతోనే బీడు దాకా పోయి వచ్చేవాడు. కన్నుమూసే ముందు రోజు కూడా తన కాళ్ళ మీదే ఇల్లు చేరాడు. దేవుడు చేసిన ఆ మేలు చాలు నాకు.

ఇది చదివినవాళ్ళు ఎప్పుడైనా పట్టుచీర మడత విప్పినప్పుడు, గుంటలో కాళ్ళు పెట్టి దాన్ని నేసిన మా నాయనను ఒక్కసారి తలచుకోండి.