తోలు కింద చిట్టెలుక

పుంగనూరులో నా విరిగిన చేతికి కసరత్తు చేయించిన అమ్మాయి, ముట్టుకునే ముందు ప్రతిసారీ తలుపు తట్టినట్టు రెండు వేళ్ళతో నా రెట్ట మీద తట్టేది.

"ఎలక లేసిందామ్మా?" అనేది.

మొదటిరోజు ఎలుక అనగానే నేను రెండు కాళ్ళూ బల్ల మీదికి లాక్కున్నాను. ఆమె నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది.

"కండను ఇంగ్లీషులో మజిల్ అంటారమ్మా. లాటిన్ అని పాత బాస ఒకటుండాది. దాంట్లో ఆ మాటకు చిట్టెలక అని అర్థం. చెయ్యి ముడిస్తే తోలు కింద ఎలక పరిగెత్తినట్టు లేదూ?"

యాభై ఏళ్ళు దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఇంగ్లీషు మాటలన్నీ పెద్ద పెద్ద ఆఫీసుల్లో పుట్టాయనుకునేదాన్ని. ఎవరో నాలాంటివాళ్ళే చేయి ముడిచి చూసుకుని ఎలుకను తలచుకున్నారట. ఆ సంతోషానికి మదనపల్లె బస్సులో ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నాను.

కానీ నా ఎలుక లేవలేదు. కట్టు విప్పి రెండు నెలలైనా ఆ చేత్తో చెంబు ఎత్తలేకపోయాను. ఇక సంగటి కెలకలేనేమోనని దిగులు పట్టుకుంది.

ఒకరోజు నేను వెళ్ళేసరికి ఆమె వెనక గదిలో పొయ్యి మీద సంగటి పెట్టి, పిండంతా ఉండలు కట్టించి, దిక్కులు చూస్తోంది.

"ఇంత పిండి యాల పోసినావు పాపా? జరుగు," అని సంగటి కట్టె లాక్కుని కెలికాను. ఉండలన్నీ కరిగాక గానీ ఏ చేత్తో కెలికానో చూసుకోలేదు.

"మా అమ్మది రామకుప్పం, ఆడ దినామూ సంగటే. నాకు సంగటి రాదనుకుంటివా అమ్మా?" అంది.

నన్నే మోసం చేస్తావా అని కట్టె ఎత్తి కొట్టబోయాను. ఆమె పారిపోలేదు. నా చేయి ఎంత పైకి లేచిందో చూసి చప్పట్లు కొట్టింది.