మేనమామ ఒడి

మా రామ్‌కుమార్ మదురై దగ్గర వాడిపట్టిలో మోటార్లు బాగుచేస్తాడు. నాకు పిన్నమ్మ కొడుకు. నడుముకు తాడు కట్టుకుని ఎంత లోతు బావిలోకైనా దిగే మనిషి, పాలపళ్ల మేనకోడలు వస్తోందంటే మాత్రం పెరటి దారిన పారిపోయేవాడు.

మా తెలుగిళ్లలో మేనమామ ఒడిలో కూర్చోబెట్టందే బిడ్డకు చెవులు కుట్టరు. సొంత మామ ఉండి కూడా రాకపోతే ఊరంతా బుగ్గలు నొక్కుకుంటుంది. వాళ్లక్క కృత్తిక తన పాపకు రెండుసార్లు ముహూర్తం పెట్టించింది. రెండుసార్లూ వీడికి జ్వరమే. మేనమామ సీరు, అంటే సారె, తేవాలి కదా, కమ్మలూ పట్టుపావడా కొనాల్సి వస్తుందని తప్పించుకుంటున్నాడని ఆమె అనుకుంది. మేమూ అలాగే అనుకున్నాం. మా బుర్రలు సీరు దాటి పోవు మరి. అక్కాతమ్ముళ్లకు మాటలు ఆగిపోయాయి.

అసలు సంగతి వాళ్లమ్మ పొన్నమ్మాళ్‌కి, అంటే మా పిన్నమ్మకి, ఒక్కతెకే తెలుసు. ఒకనాడు వాడు పాప నివేదితను ఎత్తుకుని డాబా మీద ఆడిస్తుంటే, ‘కిందికి విసిరేస్తే?’ అన్న తలపు వచ్చిందట. ఒళ్లంతా చల్లబడి పాపను అక్కడే దించేశాడు. ఆ తలపు ఇక వదల్లేదు. పాప వస్తుందంటే డాబాకి తాళం వేసేవాడు, కత్తిపీట దాచేసేవాడు, తనూ మాయమయ్యేవాడు. మిగతా పొద్దంతా తల్లి వెంటపడేవాడు.

“అమ్మా, నేను పాపను ఏమీ జేసెయ్యను గదా?”

“జెయ్యవు సామీ. నువ్వు బంగారం.”

కాస్త కుదుటపడేవాడు. చేతిలో కాఫీ చల్లారకముందే మళ్లీ అదే అడిగేవాడు. పిన్నమ్మ చెప్పీ చెప్పీ అలిసిపోయి, చివరికి నా దగ్గర బావురుమంది. ఇద్దరినీ మదురైలో మాలిని దగ్గరికి నేనే తీసుకెళ్లాను.

మాలినిది పెరియకుళం. మందులు రాయదు, మాటలతోనే చికిత్స చేస్తుంది. ఇంటిభాష మాదే కాబట్టి పిన్నమ్మ నోరు త్వరగానే విప్పింది. అంతా విని మాలిని ఉలిక్కిపడలేదు.

“దీన్ని ఓసీడీ అంటారు. ఇట్లాంటి తలపులు శానామందికి వచ్చి పోతాయి. మీకు పాపంటే ప్రాణం, అందుకే దాన్ని పట్టుకుని విచారణ జేస్తా ఉండారు” అంది.

“అట్లయితే నేను జెయ్యనని చెప్పండి మేడమ్.”

“చెప్పను.”

నాకు ఒళ్లు మండింది. ఆ ఒక్క మాట అనేస్తే ఆమె సొమ్మేం పోయింది? మాలిని పిన్నమ్మ వైపు తిరిగింది.

“అమ్మా, మీరు దినమూ చెప్తానే ఉండారు గదా. భయం తగ్గిందా?”

“లేదమ్మా, మళ్లీ అదే అడుగుతాడు” అంది పిన్నమ్మ.

“మీరు చెప్పేకొద్దీ ఇంకోసారి అడగాలనిపిస్తుంది. ఇంకమీద అడిగితే తెలవదనండి. ఆయన భయంతోనే పాప దగ్గిర ఉండాల. ఆ భయం దానంతటదే దిగేదాకా పారిపోకూడదు.”

చికిత్స అంటే అదే. ముందు అక్కకు నిజం చెప్పమంది. చెప్పాడు, నేల చూస్తూ. “అడ పావీ, ఓరి పాపిష్టోడా, ఇదా సంగతి! నేను సీరుకని గదరా నిన్ను తిట్టుకుంటి” అని కృత్తిక ఏడ్చేసింది. ఏడ్చి, పాపను తెచ్చి వాడి ముందు కూర్చోబెట్టింది. అంతమాట విన్నాక నేనైతే నా బిడ్డను ఇవ్వగలిగేదాన్నా? ఏమో.

మొదట పాప ఉన్న గదిలో కూర్చోవడం. తర్వాత అన్నం తినిపించడం. తర్వాత పాప పక్కనే కత్తిపీట వేసుకుని మామిడికాయ తరగడం. డాబా ఎక్కడం అన్నిటికన్నా చివర. వాడికి చొక్కా తడిసిపోయేది. ఒకసారి మాలిని కూడా వచ్చి డాబా మీద పక్కనే కూర్చుంది. “భయం ఇప్పుడు ఎంత ఉండాది?” అని అడిగేది తప్ప, ఏం కాదని ఒక్కసారీ అనలేదు.

వాడికన్నా పిన్నమ్మకే కష్టమైంది. “తెలవదు సామీ” అనేసి పెరట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకునేది. బిడ్డ బాధపడుతుంటే ఓదార్పు మాట మింగుకోవడం తల్లికి ఎంత నరకమో నేను కళ్లారా చూశాను.

ఆండిపట్టి దగ్గర మా కులదేవత గుడిలో మళ్లీ ముహూర్తం పెట్టారు. ఈసారి జ్వరం రాలేదు. పీట ఎక్కబోతూ వాడు తల్లి దగ్గరికొచ్చి, “అమ్మా, నేను...” అన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. చుట్టాలంతా చూస్తున్నారు.

“తెలవదు సామీ. పొయ్యి కూచో” అంది పిన్నమ్మ.

వెళ్లి కూర్చున్నాడు. కదలకుండా పాప తలను రెండు అరచేతుల మధ్య పట్టుకోవాల్సింది మేనమామే. వాడు పట్టుకున్నాడు. కంసాలి ఒక చెవి కుట్టాడు, రెండోదీ కుట్టాడు. పాప గుక్కపట్టి ఏడుస్తూ మామ చొక్కాలో మొహం దాచేసుకుంది. కృత్తిక చేతులు చాపి, “ఇటియ్యిరా” అంది.

“ఉండనీ అక్కా” అన్నాడు రామ్‌కుమార్, పాప వీపు నిమురుతూ. “ఏడుపు ఆగినాక ఇస్తాను.”