పది లక్షల ఒకటిని విడగొట్టిన రోజు

మ్యాథ్స్‌లో డిగ్రీ పాసై ఏడాది దాటినా నాకు ఉద్యోగం రాలేదు. అప్పట్లో హైదరాబాద్‌లో ఎవరి నోట విన్నా సాఫ్ట్‌వేర్ మాటే. నాలుగు ఇంటర్వ్యూలకు వెళ్లి, ఇంగ్లిష్‌లో నోరు పెగలక నాలుగింట్లోనూ పోగొట్టుకున్నాను. మా పక్కింటావిడ సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టు. ఖాళీగా కూర్చోవడం దేనికని నన్నూ ఫిల్మ్ నగర్ స్టూడియోకి తీసుకెళ్లింది.

ఆ రోజు కాలేజీ క్లాసురూము సెట్టు. విద్యార్థుల వేషంలో నలభై మందిమి బెంచీల మీద ఉన్నాం. హీరో బోర్డు మీద 1000001 అని రాసి, ఇది ప్రధాన సంఖ్య, ఒకటితోనూ దీనితోనూ తప్ప దేంతోనూ శేషం లేకుండా భాగించలేం అనాలి. మేం చప్పట్లు కొట్టాలి.

రిహార్సల్ అయ్యాక, లైట్లు మారుస్తున్నాం, ఎవరూ కదలొద్దన్నారు. నా ముందు నోటుబుక్కు, పెన్ను ఉన్నాయి. చెయ్యి ఊరుకోలేదు. ఏడుతో భాగించాను, రెండు మిగిలింది. పదకొండుతో, పదమూడుతో కూడా రెండే. వంద లోపు ప్రధాన సంఖ్యలు ఇరవై అయిదు. వరసగా అన్నిటితో వేశాను. ఒక్కదానితోనూ పోలేదు. డైలాగు కరెక్టేనేమో అనుకుంటూనే నూట ఒకటితో వేశాను. శేషం సున్నా. నమ్మకం కుదరక మళ్లీ వేశాను. మళ్లీ సున్నా.

లేచి అసిస్టెంట్ డైరెక్టర్‌కి చెప్పాను. థియేటర్లో కూర్చుని ఎవరమ్మా లెక్కలు చేసేది, వెళ్లి కూర్చో అన్నాడు.

"నాలాంటోళ్లు చేస్తరు సార్," అన్నాను.

ఆ మాట డైరెక్టర్ చెవిన పడింది. పెద్దాయన. కోప్పడతాడనుకున్నాను. "రామ్మా, బోర్డు మీద చేసి చూపించు," అన్నాడు.

హీరో పక్కకు జరిగి చాక్‌పీసు నా చేతికిచ్చాడు. 9901ని నూట ఒకటితో గుణించాను. 990100, దాని కింద 9901. కూడితే పది లక్షల ఒకటి.

"మరి భాగించలేని పెద్ద సంఖ్య కావాలంటే ఎంతసేపు పడుతుంది?" అన్నాడాయన.

"ఇప్పుడే చెప్త సార్. గీ 9901నే పెట్టుండ్రి."

ఎలా చెప్పగలవన్నాడు. వివరించాను. వందని వందతో గుణిస్తే పదివేలు. 9901 అంతకంటే తక్కువ కాబట్టి, అది రెండుగా విడిపోయేదైతే అందులో ఒకటి వంద లోపు ఉండి తీరాలి. అలాంటిది ఏదైనా ఉంటే అది పది లక్షల ఒకటిని కూడా భాగించాలి. వంద లోపు ప్రధాన సంఖ్యలన్నీ ఇందాకే వేసి చూశాను, ఒక్కటీ పోలేదు. అంటే 9901 ప్రధాన సంఖ్యే.

ఎవరూ యాక్షన్ చెప్పలేదు. అయినా బెంచీల మీదున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. మా పక్కింటావిడ అయితే బెంచీ ఎక్కేసింది.

డైలాగు మార్చారు. బోర్డు మీద అంకెలు నన్నే రాయమన్నారు. మర్నాడు జూబ్లీ హిల్స్‌లోని వాళ్ల ఆఫీసుకి పిలిపించి, స్క్రిప్టులోని లెక్కలన్నీ నా ముందు పెట్టారు. ఇంకో రెండు తప్పులు దొరికాయి. రైటర్ నవ్వి, పెన్ను తీసుకుని అక్కడికక్కడే దిద్దుకున్నాడు.

సినిమా రిలీజైన రోజు మార్నింగ్ షోకి వెళ్లాను. తెరంతా నిండి నా చేతిరాత కనిపించింది. తొమ్మిదులకు నేను పెట్టే పొడుగాటి తోకలతో సహా.